పేరు విని మూసుకునే తలుపు

ఇంట్లో రెండు గదులు ఖాళీగా ఉంటే వాటిని రోజుల లెక్కన అద్దెకిచ్చి నాలుగు రాళ్లు సంపాదించుకోవడం నేడు పట్టణాలలో మామూలు వ్యవహారమైంది. హోమ్‌స్టే, సర్వీస్ అపార్ట్‌మెంట్, గెస్ట్‌హౌస్ అని దానికి అనేక పేర్లు. వచ్చిన అతిథిని ఎలా సంతోషపెట్టాలో ఇంటి యజమానులకు బోధించేవారికీ కొదవ లేదు. దుప్పట్లు తెల్లగా ఉండాలనీ, వైఫై అందాలనీ, బల్లమీద మంచినీళ్ల సీసా పెట్టాలనీ, చిరునవ్వుతో పలకరించాలనీ చెబుతారు. అవన్నీ అవసరమే. అయితే ఆ పాఠాలన్నీ అతిథి గుమ్మం దాటి లోపలికి వచ్చేశాడన్న ఊహ మీద మొదలవుతాయి. ఫోనులో పేరు చెప్పగానే వెనుదిరగవలసి వచ్చే మనిషి గురించి వాటిలో ఒక్క వాక్యం కనబడదు. మేము ఆ మనిషి పక్షాన మాట్లాడదలచాము.

ఈ తిరస్కారం ఎలా జరుగుతుందో మన పాఠకులకు వివరించనక్కరలేదు. గది ఉందా అని అడిగితే ఉందంటారు. అద్దె చెబుతారు. ఎంతమంది, ఎన్ని రోజులు అని వివరంగా అడుగుతారు. చివరికి పేరు అడుగుతారు. పేరు విన్న తరువాత ఒక క్షణం మౌనం. ఆ వెంటనే, “అయ్యో, ఇప్పుడే వేరేవాళ్లు తీసుకున్నారండీ” అన్న జవాబు. లేదా “మాకేం అభ్యంతరం లేదండీ, అపార్ట్‌మెంటువాళ్లే ఒప్పుకోరు” అన్న సానుభూతి. పేరు వినిపించకముందు ఉన్న గది పేరు వినిపించాక మాయమవుతుంది. కొందరు ఇంత మర్యాద కూడా పాటించక, “మీరేమిటోళ్లు?” అని సూటిగానే అడుగుతారు.

ఇలా అడిగించుకునేవారు ఎవరు? విహారయాత్రకు వెళ్లే సంపన్నులు మాత్రమే కారు. ఆదోని నుంచో, ఆదిలాబాద్ నుంచో తండ్రి గుండె ఆపరేషన్ కోసం హైదరాబాద్ వచ్చి, డిశ్చార్జి తరువాత వారం రోజులు డాక్టరుకు అందుబాటులో ఉండవలసిన కుటుంబం. పరీక్ష కేంద్రం దూరప్రాంతంలో పడితే కూతురిని వెంటబెట్టుకుని ముందురోజు రాత్రే చేరుకున్న తల్లి. వేలూరు ఆసుపత్రికో, బెంగుళూరు ఆసుపత్రికో బయలుదేరిన రాయలసీమ రోగి. వీరికి గది దొరకకపోవడమంటే యాత్ర చెడిపోవడం కాదు. కుట్లు ఆరని మనిషిని ఆసుపత్రి వరండాలో పడుకోబెట్టడం. తెల్లవారితే పరీక్ష రాయవలసిన పిల్లను బస్టాండులో కూర్చోబెట్టడం.

అందుచేత విడిది ఇంటి సౌకర్యాల పట్టికలో మొదటి అంశం తలుపేనని మేము అంటున్నాము. పేరు విని మూసుకోని తలుపు మొదటి సౌకర్యం. పరుపు, ఫ్యాను, వేడినీళ్లు ఆ తరువాతి సంగతులు.

బాటసారికి హక్కున్న సంప్రదాయం

అతిథి మర్యాద ఒక మతానికో ఒక ప్రాంతానికో చెందిన ఆస్తి కాదు. అయినా మన ధర్మం దానికి ఇచ్చిన స్థానాన్ని మనమే మరచిపోకూడదు. జకాత్ సొమ్ము ఎవరెవరికి చెందాలో దివ్య ఖుర్ఆన్ నిర్దేశించిన 8 వర్గాలలో ‘ఇబ్నుస్సబీల్’ ఒకటి. అంటే బాటసారి. తన ఊరిలో కలవాడైనా దారిలో చేయి ఆడని ప్రయాణికుడికి అది హక్కు. అతిథిని గౌరవించడాన్ని ప్రవక్త ముహమ్మద్ (స) విశ్వాసంతో ముడిపెట్టారు. హజ్రత్ ఇబ్రాహీం (అ) తమ గుమ్మానికి వచ్చిన అపరిచితుల ఎదుట ముందు భోజనం పెట్టిన ఘట్టం మన ఇళ్లలో పిల్లలకు సైతం తెలుసు.

ఈ భావనే మన నేల మీద రాతికట్టడాలుగా నిలిచింది. కుతుబ్ షాహీల కాలంలో వర్తకులకూ ప్రయాణికులకూ ఆశ్రయమిచ్చిన షేక్‌పేట సరాయి గోల్కొండకు చేరువలో ఇప్పటికీ ఉంది. మనుషులకు గదులతో పాటు వారి జంతువులకు కొట్టాలు కూడా అందులో కట్టారు. పవిత్ర మక్కా నగరంలో నిజాముల రుబాత్ పూర్వపు హైదరాబాద్ సంస్థానంనుంచి వెళ్లిన యాత్రికులకు ఉచితంగా బస కల్పిస్తూ వచ్చింది. తెలంగాణతో పాటు మరాఠ్వాడా, కర్ణాటక జిల్లాలవారూ అక్కడ దిగుతారు. సరాయి, ముసాఫిర్‌ఖానా, ధర్మసత్రం, చౌల్ట్రీ అని మాటలు వేరైనా చేసే పని ఒక్కటే.

ఈ పనిని బ్రిటిష్ పాలకులు 1867లో సరాయిల చట్టంతో క్రమబద్ధం చేశారు. సరాయి నడిపేవాడు గదులనూ, వసారాలనూ, కాలువలనూ, ప్రయాణికులు నీరు తోడుకునే బావులనూ శుభ్రంగా ఉంచాలని, గోడలూ తలుపులూ మరమ్మతులో ఉంచాలని, కావలివారిని పెట్టాలని, దేనికి ఎంత వసూలు చేస్తాడో అందరికీ కనబడేలా పట్టిక వేలాడదీయాలని ఆ చట్టం చెప్పింది. నేడు కొత్త విద్యగా బోధిస్తున్న శుభ్రత, నీరు, భద్రత, ధరల పారదర్శకత నూట యాభై ఏళ్లకు పైబడిన బాధ్యతలే. విడిది ఇవ్వడం యజమాని దయాదాక్షిణ్యాల వ్యవహారం కాదని, దానికి ప్రజలపట్ల బాధ్యత ఉందని పరాయి ప్రభుత్వమే అంగీకరించింది. స్వతంత్ర భారతంలో ఆ బాధ్యత పెరగాలా, తరగాలా?

రాజ్యాంగం ఏమన్నది

రాజ్యాంగం ఈ ప్రశ్నకు జవాబు చెప్పింది. 15వ అధికరణంలోని 2వ క్లాజు ప్రకారం మతం, జాతి, కులం, లింగం, జన్మస్థలం అన్న కారణాలతో మాత్రమే ఏ పౌరుడికీ దుకాణాలలో, భోజనశాలలలో, హోటళ్లలో, వినోదస్థలాలలో ప్రవేశం నిరాకరించరాదు. ప్రాథమిక హక్కులలో చాలావాటిని ప్రభుత్వం మీదనే అడగగలము. ఈ క్లాజు మాత్రం సాటి పౌరుడి దుకాణం గుమ్మం దాకా వస్తుంది.

“మాది హోటలు కాదు, ఇల్లు” అని కొందరు యజమానులు అంటారు. ఇటువంటి తప్పించుకునే మాటలు రాజ్యాంగ సభకు తెలియనివి కావు. 1948 నవంబరు 29న ఈ అధికరణం చర్చకు వచ్చినప్పుడు ‘దుకాణం’ అన్న మాటలో ఏమేమి ఇమిడి ఉన్నాయని సభ్యులు ప్రశ్నించారు. ఆ మాటను తాము విశాలార్థంలో వాడామని డాక్టర్ అంబేద్కర్ సమాధానమిచ్చారు. కోరి వచ్చినవారికి సేవ అందించడానికి సిద్ధపడి తెరిచిన చోటు ఏదైనా దాని కిందికి వస్తుందన్నది ఆయన వివరణ సారాంశం. 2011లో ఇండియన్ మెడికల్ అసోసియేషన్ కేసులో జస్టిస్ బి. సుదర్శన్ రెడ్డి, జస్టిస్ ఎస్.ఎస్. నిజ్జర్‌లతో కూడిన సుప్రీంకోర్టు ధర్మాసనం ఆ చర్చను గుర్తుచేసి, ‘దుకాణాలు’ అన్న మాటను అదే విశాలార్థంలో చదివింది. ఫొటోలు పెట్టి, రాత్రికి ఇంత అని ధర కట్టి, రమ్మని లోకమంతటికీ ప్రకటన ఇచ్చిన గది ఈ అర్థంలోకి రాదని ఎలా అనగలరు?

అయితే చెప్పవలసిన చేదు నిజం మరొకటి ఉంది. అంటరానితనం కారణంగా హోటలులో, ధర్మశాలలో, సరాయిలో, ముసాఫిర్‌ఖానాలో ప్రవేశం నిరాకరించినా, అక్కడి పాత్రలు ముట్టనివ్వకపోయినా 1955 నాటి పౌర హక్కుల పరిరక్షణ చట్టం కింద అది నేరం. 1 నెల నుంచి 6 నెలల వరకు జైలుశిక్ష, జరిమానా ఉన్నాయి. దళిత ఉద్యమం పోరాడి నిలబెట్టుకున్న రక్షణ అది. దాని అమలు ఎంత బలహీనమో దళిత సోదరులే చెబుతారు. కానీ మతం పేరుతో గది నిరాకరించినవాడికి అటువంటి శిక్ష విధించే చట్టం మనకు లేదు. రాజ్యాంగంలో వాక్యం ఉంది, దాన్ని గుమ్మం దగ్గర అమలు చేసే చేయి లేదు.

ఈ లోపం పాలకులకు తెలియనిది కాదు. ముస్లింలు తమకు నచ్చిన చోట ఇల్లు అద్దెకు తీసుకోవడానికీ, కొనుక్కోవడానికీ ఇబ్బంది పడుతున్నారని 2006 నవంబరులో వెలువడిన సచార్ కమిటీ నివేదిక నమోదు చేసింది. వివక్షపై ఫిర్యాదులు వినడానికి సమాన అవకాశాల కమిషన్‌ను సూచించింది. ఆ కమిషన్ స్వరూపం ఎలా ఉండాలో ఆచార్య ఎన్.ఆర్. మాధవ మీనన్ అధ్యక్షతన నిపుణుల బృందం 2008లో నివేదిక ఇచ్చింది. అన్ని రకాల వివక్షలను నిషేధించాలంటూ శశి థరూర్ లోక్‌సభలో ప్రైవేటు బిల్లు ప్రవేశపెట్టారు. నివేదికలు అల్మారాకు చేరాయి, బిల్లు చట్టం కాలేదు. ప్రభుత్వాలు మారినా ఈ ఒక్క విషయంలో మౌనం మారలేదు.

వారి సాకులు, మా జవాబులు

మొదటి సాకు: “నా ఇల్లు, నా ఇష్టం.” నిజమే, మీ ఇంటికి భోజనానికి ఎవరిని పిలవాలో మీ ఇష్టం. ఆ ఇష్టాన్ని మేము ప్రశ్నించడం లేదు. కానీ మీరు ఇంటికి ధర కట్టి సంతలో పెట్టారు. సంతలో పెట్టిన సరుకును ధర చెల్లించే మనిషికి అమ్మాలి. వ్యాపారంలో వచ్చే లాభం కావాలి, వ్యాపారానికి ఉండే ధర్మం వద్దు అంటే కుదరదు.

రెండవ సాకు: “మేము శాకాహారులం.” ఈ మాటను మేము తేలికగా తీసివేయము. తమ వంటగదిలో మాంసం వండరాదని కోరే హక్కు శాకాహార కుటుంబానికి ఉంది. ఆ నియమాన్ని ముందే రాసిపెట్టి, వచ్చిన ప్రతి అతిథికీ ఒకేలా వర్తింపజేస్తే ఫిర్యాదు లేదు. వారం రోజులు పప్పు, కూరగాయలు తిని ఉండడం ముస్లింకు అసాధ్యమేమీ కాదు. పరీక్ష ఒక్కటే: నియమం చేసే పని మీదనా, మనిషి పుట్టుక మీదనా? మాంసం తినే ఇతరులకు గది ఇచ్చి, శాకాహారం పాటిస్తానన్న ముస్లింకు నిరాకరిస్తే, అక్కడ అడ్డు వచ్చింది కూర కాదు, పేరు.

మూడవ సాకు: “పోలీసులతో తలనొప్పి.” గుర్తింపు పత్రం చూడడం, రిజిస్టరులో రాయడం, విదేశీయులు దిగితే వివరాలు అధికారులకు తెలపడం ఇవన్నీ అందరికీ ఒకటే. ఆ నియమాలను మేమూ పాటిస్తాము. ముస్లింకు గది ఇవ్వవద్దని చెప్పే చట్టం ఈ దేశంలో లేదు. ఒక సమాజాన్నంతటినీ అనుమానితుల జాబితాలో చేర్చి, దానికి జాగ్రత్త అని పేరు పెట్టడం అవమానం.

నాలుగవ సాకు: “సొసైటీ ఒప్పుకోదు.” దీనికి మద్దతుగా 2005 నాటి జొరాస్ట్రియన్ సహకార గృహనిర్మాణ సంఘం కేసును చూపేవారున్నారు. పార్సీలకు మాత్రమే సభ్యత్వం ఇచ్చే ఆ సంఘం నిబంధనను సుప్రీంకోర్టు సమర్థించిన మాట వాస్తవం. ఆ తీర్పుతో మాకు భేదాభిప్రాయం ఉంది. అది అలా ఉంచినా, అక్కడి వివాదం సహకార సంఘ సభ్యత్వం గురించి. మూడు రాత్రులు తలదాచుకునే అతిథి సంఘంలో సభ్యత్వం అడగడం లేదు. రోజువారీ అద్దె వ్యాపారాన్నే అనుమతించని సొసైటీ అందరికీ నిరాకరించవచ్చు. అందరికీ అనుమతించి కొందరికి తలుపు మూయడానికి వీల్లేదు.

ఇతరుల అనుభవం

ఈ సమస్య మనకొక్కరికే ఎదురైనది కాదు. అమెరికాలో నల్లజాతి ప్రయాణికులకు హోటళ్లు తలుపులు మూసిన కాలంలో, హార్లెంకు చెందిన తపాలా ఉద్యోగి విక్టర్ గ్రీన్ 1936లో ‘గ్రీన్ బుక్’ అనే మార్గదర్శిని అచ్చువేయడం మొదలుపెట్టాడు. ఏ ఊరిలో ఏ హోటలు, ఏ భోజనశాల తమవారిని రానిస్తుందో అందులో ఉండేది. హోటలే లేని చోట గది ఇచ్చే నల్లజాతి కుటుంబాల ఇళ్లను ‘టూరిస్ట్ హోమ్‌లు’ అన్న పేరుతో పొందుపరిచారు. నేటి హోమ్‌స్టేకు అవి పూర్వరూపాలు. ఆ పుస్తకం ఎన్నో కుటుంబాలను రాత్రివేళ రోడ్డున పడకుండా కాపాడింది. అయినా ఈ పుస్తకం అవసరం లేని రోజు రావాలని దాన్ని వేసినవారే కోరుకున్నారు. 1964లో పౌర హక్కుల చట్టం వచ్చి హోటళ్లలో వివక్షను నిషేధించిన తరువాత కొద్ది సంవత్సరాలకే ఆ పుస్తకం ఆగిపోయింది.

చట్టం వచ్చినా మనసులు ఒక్కసారిగా మారవు. ఇళ్లను ఇంటర్నెట్ ద్వారా అద్దెకిచ్చే కాలం వచ్చాక పాత జబ్బు కొత్త రూపంలో బయటపడింది. హార్వర్డ్ బిజినెస్ స్కూలు పరిశోధకులు 5 అమెరికన్ నగరాలలో ఎయిర్‌బీఎన్‌బీలో గదులు ఇచ్చే సుమారు 6,400 మందికి ఒకే తరహా విన్నపాలు పంపారు. తేడా పేరులో మాత్రమే. నల్లజాతివారివిగా స్ఫురించే పేర్లతో పంపిన విన్నపాలకు అంగీకారం 16 శాతం తక్కువగా వచ్చింది. ఈ అధ్యయనం 2017లో ప్రచురితమైంది. అప్పటికే తిరస్కారానికి గురైనవారు తమ అనుభవాలను బాహాటంగా చెప్పడంతో కంపెనీ కదలక తప్పలేదు. 2016లో పౌరహక్కుల నిపుణురాలు లారా మర్ఫీ చేత సమీక్ష చేయించుకుంది. వివక్ష చూపబోనని ప్రతి యజమాని చేతా అంగీకారం తీసుకోవడం మొదలుపెట్టింది. 2018లో, బుకింగ్ అంగీకరించేదాకా అతిథి ఫొటో యజమానికి కనబడకుండా మార్పు ప్రకటించింది. ఆరెగాన్ రాష్ట్రంలో 2022లో, బుకింగ్ ఖాయమయ్యేవరకు అక్కడి అతిథుల పేరులోని మొదటి అక్షరమే కనబడేలా మార్పు తెచ్చింది.

దీనినుంచి మనం నేర్చుకోవలసింది ఇదే. వివక్షను కొలవవచ్చు, రుజువు చేయవచ్చు, తగ్గించే ఉపాయాలూ ఉన్నాయి. ఒక అమెరికన్ రాష్ట్రంలో పేరు దాచగలిగిన కంపెనీలు హైదరాబాద్‌లో, విజయవాడలో ఎందుకు దాచలేవు? సాంకేతికత లేక కాదు. అడిగేవారు లేక.

అతిథికి నిజంగా ఏం కావాలి

తలుపు తెరుచుకుంటే చాలునని కూడా మేము అనము. లోపలికి రానిచ్చి అడుగడుగునా అనుమానంగా చూడడం మర్యాద అనిపించుకోదు. తెరిచిన తలుపు వెనుక ఏముండాలో కూడా చెబుతున్నాము. ఇందులో ఖర్చు తక్కువ, ఆలోచన ఎక్కువ.

మరుగుదొడ్డిలో నీళ్లుండాలి. కాగితం చుట్ట పెట్టి సరిపెట్టకూడదు. చేతిపైపో, బకెట్టూ చెంబో తప్పనిసరి. వుజూ చేసుకునేవారికి కుళాయి దగ్గర చిన్న పీట, పొడి చెప్పుల జత చాలు. వృద్ధులు ఎవరైనా, ఏ మతస్తులైనా కాళ్లు కడుక్కోవడానికి అదే పీట పనికివస్తుంది. గదిలో ఒక మూల శుభ్రమైన చాప, గోడకు దిక్కు తెలిపే చిన్న గుర్తు ఉంటే నమాజ్ చేసుకునే అతిథి ఎవరినీ అడగవలసిన పని లేదు. మన తెలుగు రాష్ట్రాలలో ఖిబ్లా పడమరకు కాస్త ఉత్తరంగా ఉంటుంది. పడమర ఎటో గుర్తుపెట్టినా చాలు. రమజాన్ నెలలో సహరీ వేళకు నీళ్లు కాచుకునే వీలు, తరావీహ్ ముగించుకుని ఆలస్యంగా వచ్చినా తెరుచుకునే గేటు ఉండాలి.

రోగితో వచ్చేవారికి మంచం మరీ ఎత్తుగా, మరీ కిందకు ఉండకూడదు. తోడు వచ్చినవారికి వేరే పరుపు, జావ కాచుకోవడానికి పొయ్యి, ఇన్సులిన్ వంటి మందులకు ఫ్రిజ్‌లో కాస్త చోటు కావాలి. లిఫ్టు లేని మూడో అంతస్తు అయితే ఆ సంగతి ముందే చెప్పాలి. ఆసుపత్రికి నడిచే దూరమేనని ప్రకటించి రెండు కిలోమీటర్ల అవతల గది చూపడం మోసం. ఆడవారికి లోపలి గడియ గట్టిగా ఉండాలి, కిటికీలకు నిండు పరదాలు కావాలి. గదుల లోపల కెమెరా అసలే ఉండరాదు. ఎయిర్‌బీఎన్‌బీ సైతం 2024 ఏప్రిల్ 30 నుంచి ఇళ్ల లోపల కెమెరాలను పూర్తిగా నిషేధించింది. గుర్తింపు కోసం ఆధార్ అడిగితే అంకెలు చాలావరకు కప్పిన మాస్క్‌డ్ ప్రతి సరిపోతుంది. ఒకరి పత్రాల నకళ్లు సొరుగులో పడవేసి వదిలేయడం అతిథికి ప్రమాదం. అద్దె, అడ్వాన్సు, కరెంటు ఖర్చు, గది ఖాళీ చేయవలసిన వేళ, వంటగది నియమాలు ఇవన్నీ డబ్బు తీసుకోకముందే రాతలో ఇవ్వాలి.

ఈ పట్టికలో ముస్లింకు మాత్రమే పనికివచ్చేవి ఒకటి రెండే. మిగిలినవన్నీ మనిషికి పనికివచ్చేవి. మేము కోరుతున్నది ప్రత్యేక మర్యాద కాదు, నడి ప్రయాణంలో ఉన్న మనిషికి దక్కవలసిన మామూలు మర్యాద.

మన ఇళ్ల మాట

ఇక మన సమాజంతో ఒక మాట. హైదరాబాద్‌లో, కడపలో, కర్నూలులో, గుంటూరులో గదులు అద్దెకిచ్చే ముస్లిం కుటుంబాలు ఉన్నాయి. ఎదురవుతున్న తిరస్కారానికి విసిగి “మనవాళ్లకు మనవాళ్లే” అనే ఆలోచన కొందరిలో బలపడుతోంది. మన ఇళ్ల జాబితా మనం తయారు చేసుకోవడంలో తప్పు లేదు. గ్రీన్ బుక్ చేసిన మేలు చూశాము. ఆపదలో ఉన్నవాడికి ఈ రాత్రి గది కావాలి, చట్టం వచ్చేదాకా ఆగలేడు. కానీ ‘ముస్లింలకు మాత్రమే’ అన్న బోర్డు మన గుమ్మాన పెడితే, ఎదుటివాడి గుమ్మాన ఉన్న బోర్డును తప్పుపట్టే నోరు మనకు ఉండదు. మనం అడిగే న్యాయాన్ని మనం ముందు పాటించాలి.

నెల్లూరు స్వర్ణాల చెరువు గట్టున బారాషహీద్ దర్గా దగ్గర మొహర్రం రోజులలో జరిగే రొట్టెల పండుగకు హిందువులు, ముస్లింలు కలిసి వస్తారు. కడప పెద్ద దర్గా ఉర్సుకూ అంతే. కోరిక కోరి రొట్టె అందుకునే చేతిని ఎవరూ పేరు అడగరు. ఆ సంప్రదాయం చెరువు గట్టున ఆగిపోకుండా మన ఇళ్ల గుమ్మాలకు రావాలి. మన గదిలో దిగిన శాకాహార కుటుంబానికి మాంసం ముట్టని కొత్త పాత్రలు వేరుగా పెట్టి, ఆ సంగతి వారు అడగకముందే చెప్పాలి. పూజ చేసుకునే అతిథికి గదిలో ఒక మూల చూపాలి. మన ఇంట్లో మాంసం వండుతామన్న విషయం దాచకుండా ముందే తెలియజేయాలి. ఆపైన రావడం, రాకపోవడం వారి ఇష్టం. దళిత కుటుంబాన్ని ఏ ప్రశ్నా లేకుండా దించుకోవాలి. ఈ విషయంలో మన ఇళ్లలోనూ కులపు చూపు ఉంటే దాన్ని కడిగివేయాలి.

కేంద్ర పర్యాటక శాఖ హోమ్‌స్టేల పథకం కింద, యజమాని కుటుంబం నివసించే ఇంట్లో 1 నుంచి 6 గదుల వరకు నమోదు చేయించుకుని వెండి, బంగారు శ్రేణుల గుర్తింపు పొందే వీలుంది. మన కుటుంబాలు ఈ గుర్తింపుకు ముందుకు రావాలి. వితంతువులకు, ఒంటరి తల్లులకు ఇంటి గడప దాటకుండా గౌరవప్రదమైన రాబడి ఇందులో ఉంది. పత్రాలు లేని వ్యాపారం పదిమంది నోట పడితే ఒక్క ఫిర్యాదుతో మూతపడుతుంది. పత్రాలున్న వ్యాపారం నిలబడి హక్కు అడుగుతుంది.

మేము కోరుతున్నవి

రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలు గృహవసతిలో, విడిదిలో మతం, కులం పేరుతో నిరాకరణను శిక్షార్హం చేసే చట్టం తేవాలి. అది వచ్చేలోపు, హోమ్‌స్టేకు, సర్వీస్ అపార్ట్‌మెంటుకు అనుమతి ఇచ్చేటప్పుడు వివక్ష చూపబోమన్న రాతపూర్వక హామీ తీసుకోవాలి. హామీ తప్పినవారి అనుమతి రద్దు చేయాలి. బుకింగ్ నడిపే కంపెనీలు అంగీకారం ఖాయమయ్యేదాకా అతిథి పేరు, ఫొటో యజమానికి చూపకూడదు. పేరు తెలిసిన తరువాత రద్దు చేసే యజమానుల లెక్క తీయాలి. తెలుగులో, ఉర్దూలో ఫిర్యాదు చేసే వీలు ఉండాలి. రాష్ట్ర మైనారిటీ కమిషన్లు ఇటువంటి ఫిర్యాదులు ఎన్ని వచ్చాయో, ఏం చేశారో ఏటా ప్రజల ముందు పెట్టాలి.

ప్రభుత్వం కదిలేదాకా మనం చేయవలసిన పని కూడా ఉంది. తిరస్కారాన్ని మౌనంగా మింగి మరో నెంబరు వెతుక్కోవడం మనకు అలవాటైపోయింది. అవమానాన్ని నలుగురికీ చెప్పుకోవడం నామోషీ అనుకుంటున్నాము. నామోషీ మూసినవాడికి ఉండాలి, మూసివేతకు గురైనవాడికి ఎందుకు? ఫోనులో మాట్లాడిన మాటలను సాధ్యమైనంతవరకు సందేశాల రూపంలో తెచ్చుకోండి. తేదీ, వేళ, చెప్పిన కారణం రాసిపెట్టుకోండి. గది లేదన్న తరువాత అదే గది అదే రోజుకు ఖాళీగా కనబడితే ఆ తెరను ఫొటో తీసి దాచండి. డబ్బు తీసుకుని ఖాయం చేసిన బుకింగ్‌ను పేరు చూసి రద్దు చేస్తే, సేవాలోపంగా 1915 నెంబరుకు ఫోను చేసి వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు నమోదు చేయండి. కంపెనీకి రాయండి, మైనారిటీ కమిషన్‌కు రాయండి. ఒక్క ఫిర్యాదు కాగితం కావచ్చు, వంద ఫిర్యాదులు రుజువు.

ఈ పోరాటంలో మనం ఒంటరివారం కాము. కులం అడిగించుకునే దళితులు, భాష విని తిరస్కరించబడే ఈశాన్య రాష్ట్రాల యువత, ఒంటరిగా గది అడిగితే సంజాయిషీ చెప్పుకోవలసివచ్చే స్త్రీలు ఇదే తలుపు ముందు నిలబడి ఉన్నారు. వారందరితో కలిసి తట్టవలసిన తలుపు ఇది. దారిలో చీకటిపడిన మనిషికి ఒక రాత్రి నీడ ఇవ్వడానికి పేరు అడగనక్కరలేదని నమ్మే ఇంటి యజమానులు అన్ని మతాలలోనూ ఉన్నారు. వారికి మా కృతజ్ఞతలు. తక్కినవారికి ఒక్క మాట: రాత్రికి ఇంత అని ధర కట్టి, రమ్మని పిలిచినవారు మీరు. పిలిచినవారు తలుపు తీయాలి.